పంటి కింద రాయి

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను డాక్టర్ని కాను, కంప్యూటర్ కన్సల్టెంటుని. మా నాన్నగారిని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, పక్కన దుబాసీగా నిలబడి నేను చేసిన ఒక పొరపాటు గురించి చెబుదామని వచ్చాను. అమ్మానాన్నల్ని ఇక్కడికి పిలిపించుకునే ప్రతి ఇంటికీ ఇది పనికొస్తుందని నా నమ్మకం.

కిందటేడు వేసవిలో అమ్మా, నాన్నా తెనాలి నుంచి డాలస్ వచ్చారు. వచ్చిన నెలకే నాన్నగారికి కింది దవడ పన్ను పుచ్చిందని తేలింది. మేం తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్సులో పళ్ళ పని లేదు, జేబులోంచే కట్టాలి. సరే, ఫిల్లింగ్ చేయించాం. మనవాళ్ళు పంటికి సిమెంటు పెట్టించడం అంటారు చూడండి, అదే.

పని అయ్యాక డాక్టరు గారు పళ్ళ మధ్య నీలం కాగితం పెట్టి కొరకమన్నారు. "హౌ డజ్ ఇట్ ఫీల్?" అని అడిగారు. నేను నాన్నగారి వైపు తిరిగి, "బాగానే ఉందా నాన్నా?" అన్నాను. ఆయన తల ఊపారు. నేను "ఫైన్" అనేశాను.

గమనించారా? డాక్టరు అడిగింది "ఎలా ఉంది" అని. నేను అడిగింది "బాగానే ఉందా" అని! అలా అడిగితే మన పెద్దవాళ్ళు ఇంకేమంటారు? పైగా అప్పటికి మత్తు ఇంజెక్షన్‌తో ఆయన మూతి సగం మొద్దుబారి ఉంది. ఆఫీసులో యూజరు పరీక్షించి ఒప్పుకోనిదే మేం ఏ ప్రోగ్రామూ బయటికి వదలం. ఇక్కడ యూజరుకి స్పర్శే లేనప్పుడు ఆయన తరఫున నేనే సంతకం పెట్టేశాను.

ఆ తర్వాత పది రోజులు నాన్నగారు పెరుగన్నం తప్ప ఇంకేమీ సరిగ్గా తినలేదు. అమ్మ ఆయన కోసమని జంతికలు చేస్తే డబ్బా మూత కూడా తీయలేదు. ఊరి మీద బెంగ పెట్టుకున్నారేమో అనుకున్నాం. చివరికి మా ఏడేళ్ళ అమ్మాయి కనిపెట్టింది. "డాడీ, తాతయ్య మెడ పక్కకి వంచి తింటున్నారు ఎందుకు?" అంది.

గట్టిగా అడిగితే అప్పుడు చెప్పారు. "నోరు మూస్తే ముందు ఆ పన్నే తగుల్తోందిరా. పంటి కింద రాయి పడ్డట్టే ఉంది. సర్దుకుంటుందిలే అనుకున్నా. మళ్ళీ వెళ్తే ఎన్ని డాలర్లు అడుగుతాడో ఏమో!"

నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే తీసుకెళ్ళాను. ఈసారి ఆయన చెప్పింది చెప్పినట్టు డాక్టరుకి చెప్పాను. మళ్ళీ నీలం కాగితం పెట్టి కొరికిస్తే ఫిల్లింగ్ మీద ఒకచోట ముదురు మచ్చ పడింది. అక్కడ కొంచెం అరగదీశారు. ఇంజెక్షన్ అక్కర్లేకపోయింది, ఐదు నిమిషాల పని. డబ్బు కూడా తీసుకోలేదు. దానికోసం పది రోజులు ఆయన్ని పస్తు పెట్టినట్టయింది.

అప్పుడు డాక్టరు గారు చెప్పిన సంగతులు మీకూ చెబుతాను. పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదట. పంటి వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి నారలు ఉంటాయి, నులకమంచం మీద నులక లాగా. నమిలేటప్పుడు పడే బరువుని అవి కాచుకుంటాయి. ఫిల్లింగ్ వెంట్రుకంత ఎత్తున్నా పళ్ళకి తెలిసిపోతుంది. అన్ని పళ్ళ మీదా పంచుకోవలసిన బరువు ముందుగా ఆ ఒక్క పంటి మీదే పడితే ఆ నారలు వాచి, కొరికినప్పుడల్లా నొప్పి పుడుతుంది. ఈ రోజుల్లో పెట్టే తెల్ల ఫిల్లింగ్ నీలి వెలుతురు చూపించగానే అక్కడికక్కడే గట్టిపడిపోతుంది. కాబట్టి అదే అరిగి సర్దుకుంటుందని నొప్పి భరిస్తూ కూర్చోకూడదు.

మరి సరిగ్గా కుదిరిన ఫిల్లింగ్ ఎలా ఉండాలి? మత్తు పూర్తిగా దిగాక నిటారుగా కూర్చుని మెల్లగా నోరు మూస్తే రెండు వైపులా పళ్ళు ఒకేసారి కలవాలి. ఆ పన్ను ముందు తగలకూడదు. దవడ పక్కలకి జరిపినా ఎక్కడా అడ్డం పడకూడదు. నాలుకకి కొత్తగా అనిపించడం మామూలే, నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. చల్లటి నీళ్ళకి జివ్వుమనడం, ఇంజెక్షన్ చేసినచోట చిగురు నొప్పి కూడా మామూలే. అవి రోజురోజుకీ తగ్గుతూ ఉండాలి. జివ్వుమనడం మాత్రం కొందరికి రెండు మూడు వారాలు ఉండొచ్చు. మత్తు దిగేదాకా నమిలే తిండి పెట్టకండి, తెలియకుండా బుగ్గ కొరుక్కుంటారు.

కొరికినప్పుడు నొప్పి రెండు మూడు రోజులైనా తగ్గకపోతే ఫోన్ చేయండి. వేడి తగిలాక నొప్పి చాలాసేపు ఉండిపోతున్నా, రాత్రి నిద్రలోంచి లేపుతున్నా అసలు ఆగకండి. పంటి లోపలి నరం దెబ్బతిని ఉండొచ్చు. ముఖం వాచి జ్వరం వస్తే అదే రోజు చూపించాలి. లవంగ నూనె కాసేపు ఉపశమనం ఇస్తుందేమో గానీ, ఎత్తుగా ఉన్న ఫిల్లింగ్‌ని తగ్గించదు కదా!

ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక ఊరుకునే పెద్దవాళ్ళకి ఈ ఒక్క ముక్క నేర్పండి: "ఇట్ ఫీల్స్ హై వెన్ ఐ బైట్." డాక్టరుకి వెంటనే అర్థమవుతుంది. మీరు పక్కన ఉంటే "బాగానే ఉందా" అని అడక్కండి. "ఏ పన్ను ముందు తగుల్తోంది?" అని అడగండి. ఆ రాత్రి అన్నం దగ్గర ఇంకోసారి అడగండి.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే నాన్నగారు జంతికల డబ్బా తెచ్చుకుని సోఫాలో కూర్చున్నారు. కరకరమని నములుతుంటే వంటింట్లోకి వినపడింది. "మెత్తబడ్డాయా?" అని అమ్మ అడిగితే, "లేదు, బాగానే ఉన్నాయి" అన్నారు. ఈసారి ఆ మాట నమ్మాను.