బిడ్డను చూడ్డానికి వెళ్లండి

జువ్వలదిన్నె, మైపాడు, కృష్ణపట్నం లాంటి మన తీరపు ఊళ్లలో ఒక పిల్లవాడిని పోలీసులు తీసుకెళ్లారంటే, ఇంటిల్లిపాదీ సిగ్గుతో తలుపులు వేసుకుంటారు. తల్లిదండ్రులు వాడి పక్కన నిలబడాల్సింది సరిగ్గా అప్పుడే.

పద్దెనిమిదేళ్లు నిండనివారిని లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదని 2015 బాల న్యాయ చట్టం చెబుతోంది. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు బాల న్యాయ మండలి ముందు హాజరుపరచాలి. అక్కడ మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలుంటారు, వారిలో ఒకరైనా మహిళ. బెయిలు రానప్పుడే బిడ్డను అబ్జర్వేషన్ హోంలో ఉంచుతారు.

ఏ రోజు, ఏ వేళకు చూడనిస్తారో హోం సూపరింటెండెంటును ముందే అడగండి. వేట మానుకుని, బస్సెక్కి వెళ్లి, గేటు దగ్గర్నుంచే తిరిగి రావడం పేదవాడికి చిన్న నష్టం కాదు. బిడ్డ బడి సర్టిఫికెట్ తీసుకెళ్లండి. వయసు తేల్చడానికి మండలి ముందుగా చూసేది దాన్నే. ప్రొబేషన్ అధికారి ఇంటి పరిస్థితి అడిగితే దాచకుండా చెప్పండి.

బిడ్డ ఎదురుపడగానే కేసు గురించి గుచ్చి గుచ్చి అడగొద్దు. అన్నం తింటున్నావా, నిద్ర పడుతోందా, ఎవరైనా కొట్టారా అని అడగండి. కొట్టారంటే వెంటనే మండలికి చెప్పండి. వకీలును పెట్టుకునే శక్తి లేకపోతే 15100కు ఫోన్ చేయండి, న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది.

ఇరుగుపొరుగుకు ఒక మనవి. ఆ బిడ్డ పేరు, ఫొటో ఎక్కడా బయటపెట్టకండి. అలా చేస్తే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.