కత్తి పట్టిన సేవకురాలు



ఆడపిల్ల ఉద్యోగంలో చేరితే ఇక ఆటలు కట్టిపెట్టాలని మనలో చాలామంది అంటుంటారు. 1918లో లండన్‌లో పుట్టిన మేరీ గ్లెన్ హేగ్ గారి జీవితం చూస్తే ఆ మాట నిలవదు. ఆమె ఉద్యోగం ఆసుపత్రి పాలన. ఆట ఫెన్సింగ్, అంటే కత్తిసాము. 1948 నుండి 1960 వరకు వరుసగా 4 ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున ఆడారు. అక్కడ పతకం దక్కలేదు. అయినా 1950, 1954 కామన్వెల్త్ దేశాల క్రీడల్లో స్వర్ణాలు గెలిచారు.

1981 దాకా అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో ఒక్క స్త్రీ కూడా లేదు. 1982లో ఈమె అందులో సభ్యురాలయ్యారు. 2014లో, 96 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు.

మా బడుల్లో సాయంత్రం మైదానం మగపిల్లలదే. వారానికి ఒక్క గంటైనా ఆడపిల్లలకు విడిచిపెట్టండని పెద్దలను కోరుతున్నాం. ఖిద్మత్ చేసే చేతికి బలం కూడా కావాలి కదా!