సుబ్బిని ఎవరు అడిగారు?

(గుండుగొలనులో మహిళా కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పిటిషన్లు రాయడం, పంచాయితీలు, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగడం, వీటితోనే పొద్దు గడిచిపోయే మనకు నాటకాలూ నవలలూ చదివే తీరిక ఎక్కడిదని మీలో కొందరు అనుకోవచ్చు. కానీ మనం రోజూ చేస్తున్న పని సాహిత్య విమర్శకు చాలా దగ్గరగా ఉంటుంది. కష్టంలో ఉన్న స్త్రీ వచ్చి మన ఎదుట కూర్చుంటే మూడు విషయాలు తెలుసుకుంటాం. నిర్ణయం ఎవరు చేశారు? ఆమె చేతిలో ఏముంది? ఆమె పోగలిగిన చోటు ఏది? విమర్శకులు ఇతివృత్తం, పాత్ర, నేపథ్యం అని పేర్లు పెట్టి వెతికేది ఇంచుమించు వీటినే. ఈ మూడు ప్రశ్నలతో ఈరోజు గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ చదువుదాం.

ఈ నాటకాన్ని విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించింది 1892లో. 1897లో అచ్చయింది. పెంచి, తిరగరాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. మనం ఇప్పుడు చదువుతున్నది ఆ రెండోదే. దీని వెనక ఒక లెక్క ఉంది. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితాను విజయనగరం మహారాజు తయారు చేయించాడని గురజాడ మొదటి కూర్పు పీఠికలో చెప్పారు. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు. వాటిలో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44 మంది, మూడేళ్ల వాళ్లు 36 మంది, రెండేళ్ల వాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. సర్వే కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే మనకు ఈ అంకెల బరువు వేరే చెప్పనక్కరలేదు.

ఇక మొదటి ప్రశ్న. నిర్ణయం ఎవరిది? కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు తన చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఇవ్వడానికి నిశ్చయిస్తాడు. పెద్దకూతురు బుచ్చమ్మను కూడా ముసలివాడికే ఇచ్చాడు. ఆమె వితంతువై పుట్టింట్లో ఉంది. ఆ అనుభవం కళ్లెదుట తిరుగుతున్నా తండ్రి మనసు మారలేదు. పెళ్లి జరగాలని కొందరు, ఆగాలని కొందరు నాటకమంతా పరుగులు పెడతారు. మేనమామ కరటకశాస్త్రి శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకి అంటగడతాడు. ఇంత హడావిడిలో సుబ్బిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. అమ్మేవాళ్లూ అడగరు, కాపాడేవాళ్లూ అడగరు. ఆమె నోట మాటలు బహు తక్కువ. ఈ మౌనాన్ని గమనించకుండా నవ్వుకుని పుస్తకం మూసేస్తే నాటకం సగమే చదివినట్టు.

రెండో ప్రశ్న. చేతిలో ఏముంది? వెంకమ్మ సుబ్బి తల్లి. ఈ సంబంధం వద్దని ఏడ్చింది, పోట్లాడింది. చివరికి నూతిలో దూకింది. బయటికి తీశారు కాబట్టి బతికింది. భూమి ఆమెది కాదు, డబ్బు ఆమెది కాదు, కూతురి పెళ్లి మీద మాట ఆమెది కాదు. పణంగా పెట్టడానికి ఆమె దగ్గర ఉన్నది ప్రాణం ఒక్కటే. ఇప్పుడు పూటకూళ్లమ్మను చూడండి. మోసం చేసిన గిరీశాన్ని వెతుక్కుంటూ చీపురు పట్టుకుని వస్తుంది. అన్నం వండి అమ్మి ఆమె సొంతంగా బతుకుతోంది. మధురవాణిని చూడండి. వేశ్యగా సంఘం ఆమెను గడప బయటే నిలబెట్టింది. అయినా ఆమెకు సంపాదన ఉంది, నలుగురి గుట్టూ తెలుసు, ఊరు దాటి పోగలదు. వకీలు సౌజన్యారావు పంతులు వేశ్యలను దగ్గరికి రానివ్వడు కాబట్టి మగవేషంలో వెళ్లి మాట్లాడుతుంది. గొంతెత్తిన ఈ ఇద్దరికీ సొంత సంపాదన ఉండడం యాదృచ్ఛికం కాదు. గౌరవం ఉన్న ఇల్లాలికి హక్కు లేదు. కాస్తో కూస్తో స్వేచ్ఛ ఉన్న స్త్రీకి గౌరవం లేదు. పితృస్వామ్యం ఈ రెంటినీ ఒక్కచోట చేరనివ్వలేదు.

మూడో ప్రశ్న. పోగలిగిన చోటు ఏది? నేపథ్యమంటే చెట్లూ చేమల వర్ణన అనుకుంటాం. అగ్రహారం నుంచి బయటికి పోవడానికి బుచ్చమ్మకు దొరికిన దారి గిరీశం ఒక్కడే. వితంతు వివాహం గురించి ఉపన్యాసాలిచ్చి ఆమెను లేవదీసుకుపోతాడు. చివరికి ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు జరుగుతుంది. ఎంత దూరం! తెలుగుదేశం కథలో తెలుగు ఆడపిల్లకు నిలబడే చోటు మహారాష్ట్రలో దొరకడమే ఆనాటి నేపథ్యం.

ఈ ప్రాంతపు రచయిత్రి ఒకరు ఈ ప్రశ్నలను ముందుకు తీసుకుపోయారు. తాడేపల్లిగూడెం దగ్గర బొమ్మిడిలో 1939లో పుట్టిన రంగనాయకమ్మగారు అగ్రహారపు వీధిని వదిలి మధ్యతరగతి ఇంటి వంటగదిలోకి నడిచారు. ‘స్వీట్ హోం’ నవ్విస్తూనే మొగుడి పెత్తనాన్ని బయటపెడుతుంది. ‘జానకి విముక్తి’లో కాపురం భరించలేని జానకి దాని నుంచి బయటపడడమే కథ. సుబ్బిని వేరేవాళ్లు తప్పించారు. జానకికి అండ ఉంది, కానీ అడుగు తనే వెయ్యాలి. ఈ తేడాను మన బృందాల్లో చర్చించాలి.

ఇదంతా గతమనుకోవడానికి వీల్లేదు. కన్యాశుల్కం పోయి వరకట్నం వచ్చింది. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసు 14 అంది. 1978లో అది 18 అయింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయినట్టు తేలింది. 2006 బాల్యవివాహ నిషేధ చట్టంలో రెండు సంగతులు గుర్తుంచుకోండి. పెళ్లి కోసం మైనరు పిల్లను అమ్మితే ఆ పెళ్లి చెల్లదు. మామూలు బాల్యవివాహాన్ని సైతం, ఆ పిల్ల కోరితే కోర్టు రద్దు చేస్తుంది. మేజరైన రెండేళ్లలోపు, అంటే 20 నిండేలోపు, ఆమె పిటిషన్ వెయ్యాలి. నాటకంలో సుబ్బిని ఎవరూ అడగలేదు. చట్టం ఇప్పుడు ఆమె మాట కోసం ఎదురుచూస్తోంది. ఆ గడువు ఉందని మాత్రం చాలామంది పిల్లలకు తెలియదు. అది వాళ్లకు చేర్చడం మన పని.

అందుకని ఒక చిన్న పని చెప్పి ముగిస్తాను. మీ ఊళ్లో కిశోర బాలికలను కూర్చోబెట్టి ‘కన్యాశుల్కం’లో ఒక రంగం పైకి చదవండి. గురజాడ జనం మాట్లాడే భాషలోనే రాశారు, కష్టం ఉండదు. తర్వాత ఒక పిల్లను సుబ్బిగా నిలబెట్టి, నీకేం కావాలని అడగండి. కొల్లేటి లంకల్లో అయితే అక్కినేని కుటుంబరావుగారి ‘కొల్లేటి జాడలు’ కూడా చదవండి. చెరువు ఎవరి పేరున ఉంది, నీళ్లలో దిగి పనిచేసేది ఎవరు, డబ్బు ఎవరి చేతికి వస్తోంది అని అడగండి. పిల్లలు చెప్పిన జవాబులు రాసుకుని వచ్చే సమావేశానికి తీసుకురండి. అక్కడ ముందు వాటినే చదువుకుందాం.