వీడియో ఉంది గదా అని ఊరుకోవద్దు

(పల్లెలో రాత్రిపూట జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం)



టీకొట్టు దగ్గర, కూలికి పోయిన చేలో మనవాళ్ళు మూడు మాటలంటుంటారు. ఒకటి, "స్టేషను మెట్లెక్కినా పేదోడి మాట రాసుకోరు." రెండు, "కోర్టంటే ఏళ్ళూ పూళ్ళూ పడుద్ది, రాజీపడితే పోలా?" మూడోది ఈమధ్య వచ్చిన మాట, "సెల్లులో వీడియో తీశాం, ఇంక వాడెట్టా తప్పించుకుంటాడు?" ఇవన్నీ అనుభవంలోంచి వచ్చినవే, నేను కొట్టిపారెయ్యను. కాని మూడింట్లోనూ సగమే నిజం. మిగతా సగం తెలుసుకోకపోతే నష్టపోయేది మనమే.

ముందు కోర్టు సంగతి. 1985 జులై 17న కారంచేడులో మనవాళ్ళను చంపితే సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. పోరాడి ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నాం. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఏమని? ఏ టైములో, ఎక్కడ, ఎవరు చంపారో ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేదని! ప్రాణం అరచేత పట్టుకుని చేలల్లో పరుగెత్తేవాడు గడియారం చూసుకుంటాడా? ఆనాడూ అడిగాం, ఈనాడూ అడుగుతున్నాం. అడుగుతూనే ఒక పాఠం నేర్చుకోవాలి. టైము, చోటు, పేర్లు మొదటి కాగితంలోనే ఎక్కాలి.

ఆ మొదటి కాగితమే ఎఫ్.ఐ.ఆర్. "విచారించి రాస్తాం, రేపు రాపో" అంటారు స్టేషనులో. చట్టం అట్లా అనలేదు. శిక్షపడే పెద్ద నేరం జరిగిందని చెబితే ఎఫ్.ఐ.ఆర్. కట్టాల్సిందేనని 2013లో లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అట్రాసిటీ కేసుకు ముందస్తు విచారణే అక్కర్లేదని 2018లో చేర్చిన 18-ఎ సెక్షను చెబుతుంది. మనం నోటితో చెప్పింది రాసుకుని, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం పెట్టించుకోవాలి, కాపీ ఇవ్వాలి. ఇది 4వ సెక్షను. కావాలని ఈ పని ఎగ్గొట్టిన ఎస్సీ, ఎస్టీ కాని ఉద్యోగికి ఆర్నెల్ల నుంచి ఏడాది దాకా జైలు. 2024 జులై 1 నుంచి అమలైన కొత్త చట్టంలో ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఫోను ద్వారా పంపితే మూడు రోజుల్లో పోయి సంతకం పెట్టాలి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు పోండి.

ఇక రాజీ. ఊరి పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని రాజీ రాసినంత మాత్రాన అట్రాసిటీ కేసు పోదు. పోయేది మన సాక్షుల ధైర్యం. అందుకే వాళ్ళకు రాజీ అంటే అంత తొందర.

ఇప్పుడు సెల్లు మాట. నేనెరిగిన ఒక పల్లెలో కుర్రాడు కొట్లాట వీడియో తీశాడు. అది వాట్సాప్‌లో అన్ని ఊళ్ళూ తిరిగింది. అందరూ చూశారు గదా అని వాడు ఆ ఫోను అమ్మేసుకున్నాడు. తీరా విచారణకొచ్చేసరికి అసలుది లేదు. చేతులు మారిన నకలు కోర్టులో నిలబడాలంటే చట్టం చెప్పిన సర్టిఫికెట్ కావాలని 2020లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షనూ అదే అడుగుతుంది. కాబట్టి తీసిన ఫోను దాచండి. ముక్కలు కత్తిరించొద్దు, పాటలు కలపొద్దు. తీసినవాడు సాక్షిగా నిలబడాలి.

స్టేషనులో కూడా కెమెరా ఉండాలి. మాటలు కూడా వినపడేట్టు ప్రతి స్టేషనులో పెట్టాలని, ఆ రికార్డు ఏడాదికి తగ్గకుండా దాచాలని 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ఆదేశించింది. మనవాణ్ణి కొట్టిన రోజే అది చెడిపోయిందంటారు! అందుకే దెబ్బ తిన్నవాణ్ణి వెంటనే డాక్టరుకు చూపించండి. ఫలానా తేదీ, ఫలానా గంటల రికార్డు చెరపకుండా ఉంచమని మర్నాడే అర్జీ పెట్టి రసీదు తీసుకోండి.

కెమెరా ఎవరి పక్షమూ కాదు. అది చూసింది మనం కాగితం మీద ఎక్కిస్తేనే సాక్ష్యం. ఒంటరిగా స్టేషనుకు పోవద్దు. పదిమంది కలిసి పోదాం. అందులో రాయగలిగిన ఆడపిల్ల ఒకతె ఉండాలి. కాపీ చేతికి రాందే ఆ మెట్లు దిగొద్దు.

జై భీమ్.