మనసు జబ్బుకు కొలత ఉందా?



జ్వరం వస్తే థర్మామీటరు పెడతాం. రాత్రి 103, పొద్దుటికి 100 ఉంటే మందు పనిచేస్తోందని ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. మరి మనసు జబ్బుకో? "ఈ మాత్రలు పనిచేస్తున్నాయా, మానేద్దామా?" అని ఇంటివారు అడుగుతుంటారు. ఆ సంగతే నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

స్కిజోఫ్రేనియా అనే జబ్బులో చెడేది ఆలోచన ఒక్కటే కాదు. కళ్ళు, చెవులు, నాలుక చెప్పే కబుర్లు కూడా మారిపోవచ్చు. ఎవరూ లేకపోయినా మాటలు వినబడతాయి. అద్దంలో తన ముఖమే వేరుగా తోస్తుంది. కూర రుచి తేడాగా ఉంటే విషం కలిపారనుకుంటాడు. మనకది మొండితనం, అతనికి మాత్రం ప్రత్యక్షం.

కెనడాలోని సస్కచివాన్ రాష్ట్రంలో పనిచేసిన ఆబ్రాం హాఫర్, హంఫ్రీ ఆస్మండ్ అనే డాక్టర్లు ఈ తేడాలను లెక్కకట్టడానికి 1961లో ఒక పరీక్ష ప్రకటించారు. మొత్తం 145 కార్డులు, ఒక్కో దానిమీద ఒక్కో వాక్యం. రోగి చదివి, తన విషయంలో నిజమైతే ఒక పెట్టెలో, కాకపోతే మరో పెట్టెలో వేస్తాడు. మార్కులు పెరిగితే తికమక ఎక్కువన్నమాట. కొంతకాలం చికిత్స జరిగాక మళ్ళీ అదే పరీక్ష పెడతారు. మార్కులు తగ్గితే గుణం కనిపించినట్టు.

అయితే ఒక హెచ్చరిక. కొలత వేరు, మందు వేరు. హాఫర్ గారు పెద్ద మోతాదులో ఇచ్చిన విటమిన్ బి-3 చికిత్సకు తగిన ఆధారం లేదని అమెరికా మనోవైద్యుల సంఘం నియమించిన బృందం 1973లో తేల్చింది. పైగా కార్డులు మాత్రమే చూసి జబ్బు నిర్ణయించరాదు. రోగి నిజం దాచుకున్నా మార్కులు తగ్గుతాయి కదా!

అందుకే 1987లో వెలువడిన "పాన్స్" అనే కొలతలో డాక్టరు రోగితో స్వయంగా మాట్లాడి, 30 అంశాలకు ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కులు వేస్తారు. ఇంటివారు చెప్పిన సంగతులూ లెక్కలోకి వస్తాయి. అంటే అమ్మల్లారా, మీ కళ్ళే సగం పరీక్ష!

కనుక ఒక నోటుబుక్కు పెట్టండి. నిద్ర ఎన్ని గంటలు, అన్నం తిన్నాడా, తనలో తాను మాట్లాడుకోవడం తగ్గిందా, రోజూ రెండు ముక్కలు రాసి డాక్టరుకు చూపండి. "అదంతా అబద్ధం" అని అతనితో వాదించకండి. కాస్త నెమ్మదించాడు కదా అని మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. ఎవరిని అడగాలో తోచకపోతే, 2022లో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ ఫోను 14416కు చేయండి. డబ్బు కట్టనక్కరలేదు.

ఈ జబ్బు సిగ్గుపడవలసింది కాదు. దువా చేయండి, దవా మానకండి. సెలవు.