జిల్లాలు మారాయి, బడి మనదే



పెనుగొండ అనగానే మీలో చాలామందికి వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారి గుడి గుర్తుకొస్తుంది. ఇవాళ నేను చెప్పబోయేది గుడి సంగతి కాదు, బడి సంగతి.

మా వైపు ఏ ఊళ్లోనైనా ఒక ఇంటికి వెళ్లి, ‘‘చిన్నపిల్లల బడి ఎక్కడండీ?’’ అని అడిగి చూడండి. మామ్మగారైతే ‘బోర్డు బడి’ అంటారు. కోడలుగారు ‘సమితి స్కూలు’ అంటారు. మనవరాలు ‘మండల పరిషత్ స్కూలు’ అంటుంది. ముగ్గురూ చెప్పేది ఒక్క బడి గురించే! ఒక్క బడికి మూడు పేర్లేమిటా అని ఆలోచిస్తే, ఊరి పరిపాలన చరిత్రంతా అందులోనే ఉంది.

1859లో గోదావరి జిల్లా ఏర్పడింది. పెనుగొండ ఉన్న తణుకు తాలూకా అందులోది. 1904లో ఆ తాలూకాను కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా వచ్చింది. ఏలూరు ముఖ్యపట్టణం అయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను మళ్లీ విడదీశారు. ఇప్పుడు మా కలెక్టరు కచేరీ భీమవరంలో ఉంది. ఊరు ఉన్నచోటే ఉంది. కాగితం పట్టుకుని పరిగెత్తాల్సిన ఊళ్లే మారుతూ వచ్చాయి.

మరి బడి ఎవరిది? 1884 చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వచ్చాయి. వాటి చేతిలో ఉన్న బడి ‘బోర్డు బడి’. 1959లో పంచాయతీరాజ్ వచ్చింది. హైస్కూళ్లు జిల్లా పరిషత్తుకీ, చిన్నబళ్లు పంచాయతీ సమితికీ వెళ్లాయి. సమితులు పోయాక ఆ చిన్నబళ్లే మండల పరిషత్తువయ్యాయి. పెద్దలు పెట్టిన బోర్డు మారినప్పుడల్లా బడి గోడ మీద పేరు చెరిపి, కొత్తపేరు రాశారన్నమాట.

అయితే వీటన్నిటికంటే ముందు జరిగిన కథ ఒకటి ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే, మనకు దగ్గరలోని నరసాపురం ప్రాంతంలో, టేలర్ అనే సబ్‌కలెక్టరు తెలుగు బళ్లు పెట్టించే పని మొదలుపెట్టాడు. ఆ బళ్ల ఖర్చుకి శిస్తుతోపాటు మరికొంత ఇచ్చుకుంటామని రైతులే ఒప్పుకున్నారు. అలా వసూలు చేసే పన్నుకి చట్టం అండ ఉండాలని 1863లో మద్రాసు విద్యాచట్టం చేశారు. 1871లో దాని బదులు స్థానిక నిధుల చట్టం వచ్చింది. చూశారా? మన డెల్టాలో పల్లెబడి పైనుంచి ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు. పొలం మీద శిస్తు కట్టే రైతు, పిల్లల చదువు కోసం ఇంకో నాలుగు కానులు కలిపి కట్టి తెచ్చుకున్నది.

కాని ఒక లోటుంది. ఒప్పుకున్నవాళ్లు మగవాళ్లు, బళ్లో కూర్చున్నవాళ్లూ ముఖ్యంగా మగపిల్లలే. ఇంట్లో పాలూ పెరుగూ అమ్మి నాలుగు డబ్బులు కూడబెట్టిన ఇల్లాలిని ఎవరూ అడగలేదు.

ఈ పాతకథ ఇప్పుడెందుకంటారేమో, చెబుతాను. 2022లో మన రాష్ట్రంలో చాలాచోట్ల 3, 4, 5 తరగతుల పిల్లల్ని చిన్నబడి నుంచి హైస్కూలుకి మార్చారు. 2025లో ఆ పద్ధతిని మార్చి, బళ్లని మళ్లీ ఇంకోరకంగా సర్దారు. ఆఫీసులో చూస్తే అది ఒక పట్టిక. ఇంట్లో చూస్తే, ఎనిమిదేళ్ల ఆడపిల్ల కాలవగట్టు వెంట, లారీలు తిరిగే రోడ్డు దాటి వెళ్లాలా వద్దా అనే ప్రశ్న. ఆ దారి ఎలాంటిదో పట్టికకి తెలియదు. రోజూ పిల్లకి జడవేసి పంపే తల్లికి తెలుసు.

ఆ మాట చెప్పడానికి మనకిప్పుడు ఒక చోటుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి సర్కారు బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడువంతులమంది తల్లిదండ్రులే. మొత్తం సభ్యుల్లో సగంమంది ఆడవాళ్లు. బడి ఎలా నడుస్తోందో చూడడం, వచ్చిన డబ్బు ఎలా ఖర్చవుతోందో అడగడం, బడికి ఏం కావాలో రాసివ్వడం ఆ కమిటీ పనులు.

మనం చేస్తున్నదేమిటి? పుస్తకం ఇంటికి పంపితే సంతకం పెట్టి పంపేస్తున్నాం. ‘‘ఆయన్ని అడిగి చెబుతానండీ’’ అంటున్నాం. మీటింగు రోజున వంటపని అడ్డొస్తోంది.

ఈసారి కబురొచ్చినప్పుడు కూర ఒకటి తగ్గించి అయినా సరే, వెళ్లండి. పక్కింటావిడని కూడా తోడు తీసుకెళ్లండి. మరుగుదొడ్డికి నీళ్లున్నాయా, అయ్యవారు చాలినంతమంది ఉన్నారా, పిల్ల నడిచే దారి భద్రమేనా – ఈ మూడూ అడగండి. రాసిన తీర్మానం చదివించుకున్నాకే సంతకం పెట్టండి.

జిల్లా గీతలు రేపు మళ్లీ మారవచ్చు, గోడ మీద పేరూ మారవచ్చు. అప్పుడు రైతులు డబ్బిచ్చి బడిని తమది చేసుకున్నారు. మనం మాటిచ్చి, మాటాడి దాన్ని మనది చేసుకుందాం.

సెలవు.