గింజలోని గుణము – నూనెలోని భేదము



ఆర్మూరు ప్రాంతపు రైతునకు పసుపు పరీక్ష నేర్పవలసిన పని లేదు. కొమ్మును విరిచి రంగు చూచినచో సరకు తెలిసిపోవును. నూనెగింజల విషయమున ఇట్టి పరీక్ష చెల్లదు. కంటికి ఒక్క తీరుగానే కనబడు రెండు కుసుమ గింజలనుండి రెండు వేరు స్వభావముల నూనెలు రావచ్చును. ఆ భేదము గానుగలో పుట్టునది కాదు, గింజతోనే పుట్టునది.

నూనెలోని కొవ్వు ఆమ్లములలో ఓలిక్, లినోలిక్ అనునవి ముఖ్యమైనవి. రెండును 18 కర్బన పరమాణువుల గొలుసులే. ఓలిక్ గొలుసునందు జంట బంధము ఒకటి, లినోలిక్ గొలుసునందు రెండు. జంట బంధములు హెచ్చిన కొలది ప్రాణవాయువు నూనెను త్వరగా చెరచును. కనుక ఓలిక్ హెచ్చుగానున్న నూనె కాగుటకును నిలువకును ఓర్చును. అట్లని లినోలిక్‌ను నిందింపరాదు. శరీరము దానిని తానుగా చేసికొనజాలదు, ఆహారమునుండియే పొందవలెను.

మొక్క మొదట ఓలిక్‌ను తయారుచేయును. పిమ్మట ఒక ఎంజైము దానికి రెండవ జంట బంధమును చేర్చి లినోలిక్‌గా మార్చును. ఆ ఎంజైమును పుట్టించు జన్యువు పేరు ఫ్యాడ్-2. అది చెడినచో మార్పు ఆగి, ఓలిక్ గింజలో నిలిచిపోవును.

సామాన్యమైన కుసుమ నూనెలో నూటికి సుమారు 75 పాళ్లు లినోలిక్. భారతదేశమునుండి పోయిన విత్తనములలో దీనికి తలక్రిందులైన నూనె కలదని 1957లో హోరోవిట్జ్, వింటర్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కాలిఫోర్నియాలో నోల్స్ అను శాస్త్రజ్ఞుడు ఆ గుణము ఒకే జన్యువునకు లోబడినదని తేల్చెను. ఆ కృషి ఫలితముగా యు.సి.-1 అను రకము 1966లో వెలువడినది. జన్యువునందు ఒక్క అక్షరము లోపించుటయే ఇంతటి మార్పునకు కారణమని తరువాత తెలిసినది.

పల్లిలో ఇట్టి జన్యువులు రెండు చెడవలెను. అమెరికాలోని సనోలిక్ 95ఆర్ అను రకమునుండి ఆ గుణమును తీసికొని, పటాన్‌చెరువులోని ఇక్రిశాట్, జునాగఢ్ పరిశోధనా కేంద్రము కలసి గిర్నార్-4, గిర్నార్-5 రకములను రూపొందించినవి. ఇవి 2020లో విడుదలైనవి. సామాన్యమైన పల్లి నూనెలో ఓలిక్ నూటికి 40–50 పాళ్లుండగా, వీనిలో 80కి దగ్గరగా నుండును.

ఇక్కడ రైతు గుర్తింపవలసిన సంగతి యొకటి కలదు. ఈ గుణము అణగియుండు స్వభావము గలది. తల్లినుండియు తండ్రినుండియు సంక్రమించిననే పూర్తిగా బయటపడును. ప్రక్క చేనిలోని సాధారణ కుసుమ పుప్పొడిని తేనెటీగ తెచ్చినచో, ఆ గింజలో ఆ పంటనాడే గుణము తగ్గును. పల్లిలో ఆ భయము తక్కువ. కాని కల్లములోను సంచులలోను రకములు కలసినచో నష్టము తప్పదు. ఆ కల్తీని కన్ను పట్టలేదు, ప్రయోగశాలయే పట్టును. కావున చేను, కల్లము, సంచి వేరుగా నుంచుట విత్తనము కాపాడుకొను రైతునకు ప్రథమ కర్తవ్యము.

మరియొక మాట. ఆ కుసుమ విత్తనమును పండించిన మన రైతునకు దాని విలువ తెలియదు. అయినను అతడు దానిని పారవేయలేదు. నేడు గ్రామములలో మిగిలిన పాత విత్తనములలో ఏ గుణము దాగియున్నదో ఎవరెరుగుదురు? క్రొత్త రకము వేయుడు. కాని పాతదానిని విడుచుటకు ముందు గుప్పెడు గింజలు ఆరబెట్టి, పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి పరిశోధనా కేంద్రమునకు అందజేయుడు. గ్రంథాలయము పుస్తకమును దాచునది నేటి చదువరి కొరకే కాదు గదా!